మూడు గిర్రల బండి మీద బరువు

"ఇయ్యాల్టి సంది నువ్వు రాకు. ఇసుక బస్తా కట్టిన," అన్నాడు ఆయన.

"బస్తాను మోచేత్తోని పొడిస్తే వంగుతదా?" అన్నాను నేను.

"బస్తా ఎదురు చెప్పది," అన్నాడు.

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు ఇవే, బిడ్డా. ఇట్లాగే రాయి, ఏమీ కలపకు. ఆ తరువాత కిక్కు కొట్టాడు, బండి అందుకుంది, బాన్సువాడ బస్టాండు వెనక మా సందులోంచి బయటపడి కోటగిరి దిక్కు వెళ్లిపోయాడు. ఇన్నేళ్లు నేను కూర్చున్న వెనక సీటు మీద యూరియా సంచిలో నింపిన ఇసుక, తాడు వేసి కట్టి ఉంది. గడప మీద నిలబడి దాన్ని చూశాను. నాకంటే లావుగా ఉంది. నాకు షుగర్ వచ్చి ఒళ్లు ఎండిపోయింది కదా, అందుకని ఆ మార్పు.

ఆయన మందు కొట్టే పంపులు రిపేరు చేసేవాడు. వరి మీద పురుగు పడ్డప్పుడు రైతు వీపు మీద మోసే పంపు చెడిపోతే, దాన్ని మోసుకొని బాన్సువాడకు వచ్చే పని లేకుండా ఆయనే ఊళ్ల మీదికి పోయేవాడు. కోటగిరి, రుద్రూర్, పెద్ద కొడప్‌గల్, ఆ కాలువల కింది పల్లెలన్నీ ఆయనవే. ఎడమ కాలు చిన్నప్పుడే పోలియోకు చచ్చుబడింది. అందుకని పాత మోటర్ సైకిల్ కొని వెనక చక్రం తీయించి, ఆ చోట వెల్డింగు పని చేసే చాచాతో ఇరుసు వేయించి రెండు చక్రాలు పెట్టించుకున్నాడు. గేరు చేతికి వచ్చింది. వెనక ఇద్దరు కూర్చునే బల్ల సీటు. ఊళ్లో అందరూ మూడు గిర్రల బండి అనేవారు. ఆయనను కూడా అదే అనేవారు. "మూడు గిర్రలు వచ్చిండు," అనేవారు.

ఆ బస్తా కట్టుకొని పోయిన రోజే కాలువ కట్ట మీద మలుపులో బండి తిరగబడింది. దారి ఎడమకు తిరుగుతుంది, కుడి పక్క కాలువ. ఎడమకు వంగాల్సిన బస్తా తాడు సడలి కుడికి జారింది. కాలువలో నీళ్లు బందు చేసిన రోజులు అవి. ఎండిన కాలువలో, రాళ్ల మీద, కింద ఆయన, ఆయన మీద బస్తా, బస్తా మీద బండి.

బర్లు కాసుకునే ముసలాయన ఒకడు గట్టు మీది నుంచి చూశాడు. చావు ఇంటికి వచ్చి నా ఎదుట కూర్చొని చెప్పాడు. "బిడ్డా, అబద్ధమెందుకు, మలుపు కాడ మోచెయ్యి ఎనుకకు పొడిసిండు. పొడిసిండు, మల్ల పొడిసిండు. బస్తాను పొడుస్తుండేందిరా అనుకున్న. అంతల్నే బోర్ల పడ్డది."

అది విని నాకు నవ్వొచ్చింది. చావు ఇంట్లో నవ్వకూడదని కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఏడుస్తున్నానని ఆడవాళ్లు నా వీపు నిమిరారు.

ఆ కట్ట మీదికి ఆటో రాదు. పొలాల్లో ఉన్న నలుగురు కలిసి ముందు బండిని లేపి నిలబెట్టారట. ఒక్క కిక్కుకే స్టార్టయిందట. ఒక్క నట్టు వదులు కాలేదట. ఇగ వేరే బండి కోసం ఎందుకు చూడడమని ఆయనను వెనక సీటు మీద కూర్చోబెట్టి, బస్తా కట్టిన తాడే నడుముకు కట్టి, పక్కన ఒకడు పట్టుకొని బాన్సువాడకు తెచ్చారు. సందులో ఆ చప్పుడు వినబడగానే, వచ్చాడనుకొని పొయ్యి మీది గిన్నె దించి బయటికి వచ్చాను. నడిపేవాడు ఎవడో పిల్లగాడు. నా చోట ఆయన ఉన్నాడు. నా చోట కూర్చొని కట్ట మీద రావడం ఆయనకు అదే మొదలు. "గుంత గుంతకు తల ఊగిందక్కా," అన్నాడు నడిపినవాడు.

ఇంట్లో నేను గాజులు తీస్తుంటే బయట మగవాళ్లు బండి చుట్టూ చేరారు.

"మనిషి పోయిండు గని బండికి గీత పడలే."

"చాచా చేతి పని మరి. ఆయన వెల్డింగు చేస్తే అయిపాయె."

వెల్డింగు చాచా కూడా వచ్చాడు. గడ్డం తడిసేటట్టు ఏడ్చాడు. దేని కోసం ఏడ్చాడో నాకు తెలియదు కానీ చెయ్యి మాత్రం బండి మీదే ఉంది. దినాలు అయ్యాక, "ఏం చేస్తవ్ బేటీ దీన్ని?" అని అడిగాడు. "గిర్రలు పీకి ఎవరికన్న ఇయ్యి చాచా, నాకు కండ్ల పడొద్దు," అన్నాను. ఇప్పుడు ఆ చక్రాల మీద బస్టాండు ముందర మిర్చి బజ్జీల బండి నడుస్తోంది. నేను అక్కడ బజ్జీలు కొని తింటాను. రుచిగానే ఉంటాయి.

ఇదంతా ఇన్నాళ్లకు ఎందుకు రాయిస్తున్నానంటే నీ మూలంగానే. మొన్న నన్ను స్కూటీ మీద కూర్చోబెట్టుకొని రుద్రూర్ తీసుకుపోయావు. ఇప్పుడు ఆ కట్ట మీద కూడా తారు వేశారు. మలుపు రాగానే నేను ఎడమకు ఒరిగిపోయాను. స్కూటీ కూడా ఒరిగింది. "పెద్దమ్మా! పడేస్తవా ఏంది? సక్కగ కూసో!" అని అరిచావు. బండి ఆపి, "గట్లెందుకు వంగినవ్?" అని అడిగావు. నా నడుము నన్ను అడిగి వంగిందా, నీకు చెప్పడానికి? అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు రాసుకో.

ఆయన నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు ఆ బండి మీదే వచ్చాడు. మా పల్లె రుద్రూర్ దాటి లోపలికి, కాలువ కింద. అందరూ వాకిట్లోకి ఉరికి వచ్చారు బండిని చూడ్డానికి. మీ అమ్మ నాకు చెల్లెలే కానీ నీకు తెలుసు కదా, సన్నం, తెలుపు. వచ్చినవాళ్లందరి కళ్లు ఆమె మీదికే పోతాయని మా అమ్మ ఆమెను దొడ్లోకి పంపింది. అయినా మధ్యలో ఒకసారి వచ్చి తొంగి చూసింది. ఆయన ఆమె వంక చూడనే లేదు. నన్నే చూశాడు, పై నుంచి కింది దాకా చూశాడు. నా వంక అట్లా ఎవరూ చూడలేదు అంతకు ముందు. నేను దుక్కలాగా ఉండేదాన్ని.

"ఒకసారి బండి మీద కూసోమనుండ్రి," అన్నాడు ఆయన మా అమ్మతో.

ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. పట్నం సోకు అనుకున్నారు. మా అమ్మ కూడా సంబరపడింది. నేను వెళ్లి వెనక సీటు మీద కూర్చున్నాను. ఆయన బండి దిగి, చచ్చుకాలు చేత్తో పట్టుకొని ముందుకు జరుపుకుంటూ వెనక్కి వచ్చి, వంగి, చక్రాల మీది స్ప్రింగుల వంక చూశాడు. "జర అటు జరుగు," అన్నాడు. జరిగాను. "ఇటు జరుగు." జరిగాను. మళ్లీ స్ప్రింగులు చూశాడు.

"సరిపోతది," అన్నాడు.

ఆ మాట నా అందం గురించి అనుకున్నాను, బిడ్డా. పెళ్లి దాకా రోజూ పడుకునే ముందు ఆ మాట తలుచుకున్నాను.

పెళ్లయ్యాక నన్ను తీసుకొని బాన్సువాడకు బయలుదేరినప్పుడు తెలిసింది. కాలువ కట్ట ఎక్కాం. మొదటి మలుపు రాగానే నా పక్కటెముకల్లో మోచెయ్యి దిగింది. సరసమనుకొని సిగ్గుపడ్డాను. ఆ మోచెయ్యి మళ్లీ దిగింది. "వంగే! ఎడమకు వంగు! కాల్వల పడతం!" అని అరిచాడు. పూలదండ మెడలోనే ఉంది. వంగాను. అప్పటికే నేల విడిచి గాలిలో తిరుగుతున్న ఎడమ పక్క చక్రం మళ్లీ కింద పడింది. అప్పుడు వెనక్కి తిరగకుండానే అన్నాడు: "ఎప్పుడు గిట్లనే వంగు. అందుకే గద తెచ్చుకున్నది."

నీ స్కూటీకి రెండు చక్రాలు, మలుపులో అదే వంగుతుంది. మూడు చక్రాలది వంగదు. బల్లలాగా నిలబడి తిరుగుతుంది. మలుపులో బరువంతా బయటి పక్కకు పోతుంది. లోపలి చక్రం లేస్తుంది. దాన్ని లేవకుండా తొక్కి పట్టేటందుకు ఒక మనిషి కావాలి. తారు మీద నెమ్మదిగా పోతే ఏమీ కాదు. మొరం మీద అట్లా కాదు. ట్రాక్టర్లు తిరిగి తిరిగి మొరం దారికి రెండు పక్కల గట్టి జాడలు పడతాయి, నడుమ వదులు మొరం కుప్పగా మిగులుతుంది. మోటర్ సైకిల్ వాడు ఒక జాడ పట్టుకొని హాయిగా పోతాడు. మా బండికి వెనక చక్రాలు జాడల్లో ఉంటే ముందుది ఎప్పుడూ ఆ కుప్ప మీదే. గుండ్ల మీద నడిచినట్టు జారుతుంది. గుంత వచ్చిందని ముందు చక్రం తప్పిస్తే ఎడమది పడుతుంది, ఎడమది తప్పిస్తే కుడిది. ఆయన రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకొని పళ్లు కొరుకుతూ కూర్చునేవాడు, వెనక నేను అటూ ఇటూ వంగేదాన్ని. నోటితో చెప్పేవాడు కాదు. ఎడమ మోచెయ్యి పొడిస్తే ఎడమకు, కుడి మోచెయ్యి పొడిస్తే కుడికి. రెండూ ఒకేసారి పొడిస్తే ముందుకు జరిగి ఆయన వీపుకు ఆనుకోవాలి, అంటే ఎత్తు ఎక్కుతున్నామని.

నాకు ఒంటి మీద రెండు పక్కలా ఎప్పుడూ నల్లగా కమిలి ఉండేది. పక్కింటి ఆమె ఒకసారి స్నానం దగ్గర చూసి నోరు నొక్కుకుంది.

"ఏందక్కా ఇవి? కొడతడా?"

"కొట్టడు. తోలుతడు," అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. బాన్సువాడలో ఎవరికీ అర్థం కాలేదు. ఎక్కడికి పోయినా నన్ను వెంట తీసుకుపోతాడని ఆడవాళ్లకు కుళ్లు. "మా ఆయన సంతకు గూడ తోల్కపోడు. నీ మొగడు చూడు, పెండ్లాన్ని ఇడిసి మూత్రానికి గూడ పోడు," అనేవాళ్లు. నాకు జ్వరం వస్తే ఆయనకు ఎంత బాధో అని చెప్పుకునేవాళ్లు. నిజమే, నాకు జ్వరం వస్తే ఆయన ఇంట్లో పులిలాగా తిరిగేవాడు. పంపులు ఆగిపోయేవి కదా. "ఇంకెన్ని దినాలు పంటవ్?" అనేవాడు.

బండితో మాట్లాడే మాట తీరు వేరే ఉండేది. ట్యాంకు మీద అరచేత్తో తట్టి, "అలిసినవా? జర సల్లారు," అనేవాడు. ఇంజను చల్లబడే దాకా తను అన్నం ముట్టేవాడు కాదు, నన్ను ముట్టనిచ్చేవాడు కాదు. వాసన చూసేవాడు. పొద్దున్నే లేచి మొహం కడగకముందే వంగి, నూనె కారిందేమోనని నేల వాసన చూసేవాడు, కుక్కలాగా. పానా దిండు కింద పెట్టుకొని పడుకునేవాడు. నా చీర పాతబడ్డదా లేదా అని నాకంటే ముందు ఆయనే చూసేవాడు, బండి తుడిచే గుడ్డ కోసం.

బస్సు మాత్రం ఎక్కడు. చావనైనా చస్తాడు. వయసులో ఉన్నప్పుడు ఒకసారి ఎక్కబోయాడట. బస్సులో జనం, ఈయన కాలు మెట్టు మీదికి రాలేదు. కండక్టరో ఇంకొకడో చంకల్లో చేతులు వేసి లేపి లోపల పడేశాడు. బస్సంతా నవ్వింది. "మేకపిల్లను ఏసినట్టు ఏసిండ్రే," అని చెప్పాడు నాకు. చెప్పింది కూడా ఒక్కసారే. మహారాష్ట్ర సరిహద్దు దాకా పోయాం అప్పుడు, పని కూడా లేదు, ఊరికే. ఆయనకు అట్లా పోవడం పిచ్చి. పైసా పని లేకున్నా మొరం దారి ఎక్కడికి పోతే అక్కడికి పోయేవాడు. అక్కడి ఆడవాళ్లు నన్ను వహినీ, అంటే వదినా, అని పిలిచి నీళ్లు ఇచ్చారు. వాళ్ల భాషలో బండిని మెచ్చుకున్నారు. సాయంత్రం దుమ్ములో కూర్చొని చచ్చుకాలు ఒళ్లో పెట్టుకొని, "గీ బండి మీద ఉన్నంతసేపు నాకు గూడ కాళ్లున్నయనిపిస్తది," అన్నాడు. నాకు జాలి వేసింది. చెయ్యి పట్టుకోబోయాను. "గా పానా ఇటియ్యి," అన్నాడు.

పానా సంగతి చెప్పాలి. మొరం దారిలో బండి వణికి వణికి నట్లు వదులవుతాయి. అందుకని కాలువ మీద మోరీ వంతెన వచ్చిన ప్రతిసారీ ఆపేవాడు. ఏ మోరీనీ విడిచింది లేదు. ముందు చక్రం నట్టు, వెనక రెండు చక్రాల నట్లు, సీటు కింది బోల్టులు, చైను వదులు, ఒక్కొక్కటి పానా వేసి చూసేవాడు. నేను ఎండలో నిలబడి అడిగినవి అందించేదాన్ని. "మనమే ఆపాలె. లేకుంటె అదే ఆగుతది," అనేవాడు. ఊళ్లో మగవాళ్లు ఈ మాట చెప్పుకొని మురిసిపోయేవారు. నిజం చెప్పాలంటే ఆ బండి ఎన్నడూ దారిలో ఆగిపోలేదు. కొత్త కొత్త బండ్లు మొరంలో చెడిపోయి తోసుకొని పోతుంటే మేము పక్క నుంచి పోయేవాళ్లం. ఆయన అప్పుడు హారన్ కొట్టేవాడు, పని లేకున్నా. వాళ్లకు వినబడాలని.

మా అమ్మ పోయిన రోజు గురించి చెప్తాను ఇప్పుడు. అప్పటికి నాకు షుగర్ లేదు, ఒళ్లు ఒళ్లులాగానే ఉంది.

మా తమ్ముడు రుద్రూర్ వచ్చి ఎస్టీడీ బూతు నుంచి మా సందు మొదట్లో ఉన్న కిరాణా దుకాణానికి ఫోను చేశాడు. దుకాణమాయన అరుస్తూ వచ్చాడు. ఉరికాను. "అక్కా, అవ్వకు ఇయ్యాలో రేపో గాదు, ఇప్పుడో ఇంకింతసేపటికో. నిన్నే అడుగుతుంది. జల్దిన రా," అన్నాడు తమ్ముడు. మా అమ్మ ఎప్పుడూ ఒకటే అనేది, నేను చిన్నపిల్లగా ఉన్నప్పటి నుంచి: "నా నోట్ల ఆఖరి నీళ్లు నా పెద్దబిడ్డనే పొయ్యాలె." కొడుకు ఉన్నాడు, మీ అమ్మ ఉంది, అయినా నేనే పోయాలి అనేది. ఎందుకో నాకు తెలియదు. ముందు పుట్టినందుకు కావచ్చు. దుక్కలాగా ఉన్నానని అందరూ నవ్వినందుకు కావచ్చు.

రుద్రూర్ పోయే బస్సు బస్టాండులో నిలబడి ఉంది. మా ఇల్లు బస్టాండు వెనకే కదా, దాని ఇంజను చప్పుడు వినబడుతోంది. నేను చెప్పులు వేసుకొని, "నేను బస్సుల పోత. నువ్వు ఎనుక నుంచి బండి మీద రా," అన్నాను.

"నువ్వు బస్సెక్కితె నేనెట్ల రావాలె? ఖాళీ బండి మొరం మీద నిలుస్తదా?"

"అయితె రేపు రా."

"అత్త చస్తె అల్లుడు తెల్లారి వస్తడా? కుంటోడు రాలేకపొయ్యిండంటరు. ఎక్కు."

అప్పటికే కిక్కు కొట్టాడు. సందుకు అడ్డంగా బండి ఉంది, గోడకు గోడకు నడుమ. దాని మీదికి ఎక్కే దాటాలి. ఎక్కాను. బస్సు మా కళ్ల ముందే బస్టాండు విడిచి రోడ్డు ఎక్కింది. కొంతసేపు దాని వెనకే పోయాం. అది తారు మీద పోయింది, మేము కట్ట ఎక్కాం. దగ్గరి దారి అని ఎక్కించాడు. దగ్గరే, ఆగకుండా పోతే.

మొదటి మోరీ వచ్చింది. ఆపాడు.

"ఇయ్యాల ఒద్దయ్యా, నీ కాళ్లు మొక్కుత," అన్నాను.

"కొత్త మొరం పోసిండ్రు, కనబడతలేదా? గిర్ర ఊడితె మీ అవ్వ కాడికి పోతవా, మా అవ్వ కాడికి పోతవా?" అన్నాడు. వాళ్ల అమ్మ చచ్చిపోయి ఎన్నో ఏళ్లు. తన మాటకు తనే నవ్వుకొని పానా తీశాడు.

తరువాతి మోరీ దగ్గరా ఆపాడు. ఆ తరువాతి దాని దగ్గరా ఆపాడు. తొందరపడలేదు. ఆలస్యం కూడా చేయలేదు, అది కూడా రాయి. రోజూ ఎంతసేపు చూస్తాడో అంతే చూశాడు. కోపం లేదు ఆయన మొహంలో, పగ లేదు. అదే నాకు ఇప్పటికీ మంట. పగతో చేసినా మనిషినని గుర్తించినట్టు ఉండేది.

ఆఖరి మోరీ మా ఊరి ముందే ఉంటుంది. అక్కడి నుంచి మా అమ్మ ఇంటి పెంకులు కనబడతాయి. వాకిట్లో మనుషులు కనబడుతున్నారు. నేను దిగి ఉరుకుదామనుకున్నాను. "పట్టుకో," అని నా చేతిలో పానా పెట్టాడు. నట్టు తీసి మళ్లీ బిగించబోతుంటే వాసర్ జారి మొరంలో పడింది. రూపాయంత ఇనప బిళ్ల. మొరం అంతా అదే రంగు.

"దేవులాడు," అన్నాడు.

మోకాళ్ల మీద పడ్డాను. చేతులతో మొరం కెలికాను. అరచేతులు గీసుకుపోయాయి. ఇంటి దిక్కు చూస్తూ, నేల చూస్తూ, ఏడుస్తూ వెతికాను. దొరకదే. దొరకదే. ఎట్టకేలకు వేళ్లకు తగిలింది. తీసి ఇచ్చాను. ఆయన దాన్ని ఊది, తుడిచి, నట్టుకు పెట్టి బిగించాడు. జేబు రుమాలు తీసి చెయ్యి తుడుచుకుంటుంటే రుమాలుతో పాటు ఇంకో వాసర్ బయటికి వచ్చింది.

నేను చూశాను. నేను చూశానని ఆయన చూశాడు.

"గది స్పేరు," అన్నాడు. "ఉన్నది ఉండంగ స్పేరు వాడుతరా ఎవరన్న?"

మేము పోయేసరికి మా అమ్మ నోట్లోంచి నీళ్లు పక్కకు కారి మెడ మీద ఇంకా తడిగానే ఉన్నాయి. చెంబు మీ అమ్మ చేతిలో ఉంది. ఆమె నన్ను పట్టుకొని ఏడుస్తూ చెప్పింది, ఆమె చెప్పిన మాటలు నీకు ఎన్నడూ చెప్పి ఉండదు. "అక్కా, కట్ట మీద బండి సప్పుడు ఇని అవ్వ కండ్లు తెరిసింది. అగో, నా పెద్దబిడ్డ వస్తుందన్నది. నీళ్లు తెస్తె వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. మల్ల సప్పుడు ఆగింది. ఆగిందేమే, అన్నది. వస్తరవ్వా అన్న. ఆగిందేమే, అనుకుంటనే ఉన్నది. ఇగ ఆగలేక నేనే పోసిన."

బయట మగవాళ్లు ఆయనకు మంచం వేశారు. అల్లుడు కదా. మా తమ్ముడు మంచినీళ్లు ఇచ్చాడు. ఎవరో అడగాలని అడిగారు: "దారిల బండి ఏమన్న తక్లీఫ్ ఇచ్చిందా బావా?"

"మన బండా? ఏడ ఆగలే," అన్నాడు. లోపల శవం దగ్గర కూర్చొని విన్నాను ఆ మాట. మా తమ్ముడు కూడా తల ఊపాడు. ఆ బండి గట్టిదనం గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. కొత్త మొరం గురించి కూడా.

దినాలు అయ్యే దాకా అక్కడే ఉన్నాం. నాకు అన్నం సయించలేదు. తిరిగి వచ్చేటప్పుడు అదే కట్ట, అవే మోరీలు, ఆయన ఆపడం, నేను దిగడం. ఒక మలుపులో మోచెయ్యి పొడిచాడు, వంగాను, అయినా లోపలి చక్రం లేచింది. బండి ఆపి వెనక్కి తిరిగి నన్ను చూశాడు. పై నుంచి కింది దాకా, మా వాకిట్లో చూసినట్టే చూశాడు.

"ఏడ్సి ఏడ్సి తగ్గినట్టున్నవ్. బండి తేలుతుంది," అన్నాడు. "ఇంటికి పొయ్యి జర ఎక్కువ తిను."

ఇంటికి పోయి తిన్నాను. ఆకలి వేసింది, తిన్నాను.

ఇంతే బిడ్డా. కన్నీళ్లు తుడుచుకో, కాగితం తడుస్తుంది. నాకు అక్షరాలు రావు, నా పేరు గీకడం తప్ప. నువ్వు ఏం రాశావో నాకేం తెలుసు? మీ అమ్మ మెత్తని మనిషి, నువ్వూ మెత్తగానే రాసి ఉంటావు. చదివి వినిపించు, మొదటి నుంచి. ఎక్కడైనా ఆయనను మంచోడిని చేసి ఉంటే చెప్తాను, కొట్టెయ్యి. నీళ్లు తాగాలంటే ఇప్పుడే తాగు, ఫోను పక్క గదిలో పెట్టు, తలుపు కొట్టినా లేవకు. మా అమ్మ దగ్గరికి పోయే కాడికి వచ్చినంక మాత్రం, చేరేదాకా ఆగకుండా చదువు.